ముత్తాతల పనులు: పహాణీ చెప్పేది, పాట చెప్పేది

ఇంగ్లండులో ఎవరైనా తమ ముత్తాత ఏం చేసి బతికాడో తెలుసుకోవాలనుకుంటే జనాభా లెక్కల కాగితాలు తీస్తారు. 1841 నుంచి అక్కడ ఇంటింటికీ తిరిగి మనిషి పేరు, పేరు పక్కన అతని పని రాసుకున్నారు. ఆ కాగితాలను దాచిపెట్టి, వందేళ్ళు నిండాక జనం ముందు ఉంచుతున్నారు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికి వచ్చాయి. మన దగ్గర ఆ దారి లేదు. హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు జరిగాయి, వృత్తుల పట్టికలు అచ్చయ్యాయి. కానీ ఇంటింటా నింపిన కాగితాలు మిగల్లేదు. ఏ జిల్లాలో ఎంతమంది ఏ పని చేశారో తెలుస్తుంది, మన ముత్తాత పేరు మాత్రం దొరకదు.

అందుకే హుజూరాబాద్‌లోనో జమ్మికుంటలోనో ఒక పిల్లవాడు తన వంశం సంగతి వెతకడం మొదలుపెడితే మూడో తరం దగ్గరే ఆగిపోతాడు. ఇంట్లో అడిగితే ‘ఎవుసం చేసిండ్రు’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట సగమే నిజం. వ్యవసాయం అందరికీ కొద్దో గొప్పో ఉన్నదే. దాని పక్కన ఇంకో పని ఉండేది, చాలా ఇళ్ళలో ఆ రెండో పనే ఇంటికి ఊళ్ళో చోటు ఇచ్చింది. చెరువు తూము దగ్గర నీళ్ళు వదిలినవాళ్ళు, ఇనుపరాయి కరిగించినవాళ్ళు, ఎద్దుల మీద ఉప్పు మోసినవాళ్ళు, ఇంకో కులం వంశాన్ని పాడి బతికినవాళ్ళు, అడవిలో పట్టుకాయ కాసినవాళ్ళు, టపా సంచితో ఊరి నుంచి ఊరికి పరుగెత్తినవాళ్ళు మన ముందు తరాల్లో ఉన్నారు. వాళ్ళ ఆనవాళ్ళు ఏయే చోట్ల మిగిలాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఇక్కడ చూద్దాం. నా మాట ముందే చెప్తాను. మన దగ్గర పూర్వీకుల పనికి రెండు గట్టి సాక్ష్యాలున్నాయి. ఒకటి భూమి కాగితం, రెండోది ఇతరుల గొంతు. మొదటిదాన్ని మనం తగాదా వచ్చినప్పుడే చూస్తున్నాం. రెండోదాన్ని అసలు సాక్ష్యంగానే లెక్కలోకి తీసుకోవడం లేదు.

భూమి కాగితంతో మొదలుపెడదాం. నిజాం కాలంలో ఊరి పని చేసేవాళ్ళకు నెల జీతం కాదు, భూమి ఇచ్చారు. ఆ భూమి ఇనాం. పని చేసినంత కాలం భూమి ఉంటుంది, పని కొడుక్కి వస్తే భూమీ కొడుక్కి వస్తుంది. ఉర్దూ కాగితాల్లో ఇలాంటి ఇనాంను మష్రూత్ ఉల్ ఖిద్మత్ అని రాసేవారు. ఈ ఏర్పాటు వల్ల ఒక మేలు జరిగింది. రాజులూ దొరలూ పట్టించుకోని పేదవాడి పని కూడా సర్వే నంబరుతో సహా కాగితానికెక్కింది. సేత్వార్, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తరువాతి సేస్లా పహాణీ అన్నీ భూమి తగాదాల కోసం జనం వెతికే కాగితాలే. వాటిలో చెరువు నీళ్ళు చూసే మనిషికిచ్చిన నీరడి ఇనాం, సేత్‌సింధి ఇనాం, ఊరి చేతివృత్తులవాళ్ళకిచ్చిన బలుతా ఇనాం అన్న మాటలు కనపడితే అవి ఒక మనిషి కొలువు గురించి చెప్తున్నాయని గుర్తించాలి. 1955 నాటి తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టం కూడా ఈ మూడింటినీ పేరు పెట్టి చెప్పింది. ఊరికి ఉపయోగపడే సేవ కోసం ఇచ్చినవని వాటిని మిగతా ఇనాముల నుంచి వేరు చేసింది. చట్టంలో పేరుతో సహా చోటు దొరికిన చెరువు కావలివాడు ప్రపంచంలో ఎన్ని చోట్ల ఉంటాడు?

నీరటి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నీరటి, నీరడి, నీరుడికారు, ఊరిని బట్టి పలుకుబడి మారుతుంది. తెలంగాణ వ్యవసాయమంతా చెరువు మీద నిలబడ్డది. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని మత్తడి నీళ్ళు ఇంకోదానిలోకి పోతాయి. ఎగువ చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ఏ మడికి ముందు పారించాలి, చివరి మడికి నీళ్ళు అందకముందే పై రైతు గట్టు తెంపుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ నీరటి చేతిలో ఉండేవి. వానాకాలం ఆబి పంటకు ఒక లెక్క, ఎండాకాలం తాబి పంటకు ఇంకో లెక్క. చెరువులో నీళ్ళు తక్కువైన ఏడు తైబందీ పెట్టి, ఆయకట్టులో ఎంత మేర నాటు వేయాలో రైతులు కూర్చుని తేల్చుకునేవారు. ఆ తీర్మానాన్ని పొలంలో నడిపించేది నీరటే. పాత తూములకు ఇనుప తలుపులుండేవి కావు. నీళ్ళ అడుగున రాతి కన్నానికి కర్ర బిరడా బిగించి ఉండేది. నిండు చెరువులో మునిగి దాన్ని సరిచేయాల్సి వచ్చేది. రాత్రి కట్ట మీద లాంతరు పట్టుకుని తిరిగి ఎక్కడ ఊట కారుతున్నదో చూడాలి. గండి పడితే ముందు మునిగేది దిగువనున్న ఊరు.

ఇది చాలా ఊళ్ళలో మాల కుటుంబాలకు వంశపారంపర్యంగా వచ్చిన పని. ఊరు అతన్ని అంటరానివాడిగా దూరం పెట్టింది, ఊరి నీళ్ళన్నీ అతని చేతికే అప్పగించింది. నీటి లెక్కలో ఇంత నేర్పున్న మనిషిని ఇవాళ మనం నీటిపారుదల నిపుణుడు అంటాం. అతని మునిమనవళ్ళు మాత్రం ‘మా తాత ఊళ్ళె చిన్న పని చేసేటోడు’ అని తలదించుకుని చెప్తారు. వంశ పరిశోధన వల్ల ఏం లాభమని అడిగేవాళ్ళకు నేను చూపించేది ఈ ఒక్క పనే.

నీరటి పక్కనే సేత్‌సింధి, మస్కూరి, తలారి, కావలికారు ఉన్నారు. కచేరి నుంచి వచ్చిన తాఖీదు పట్టుకుని పోలీస్ పటేల్ ఇంటికి, పటేల్ ఇంటి నుంచి రైతు ఇంటికి నడిచినవాళ్ళు వీళ్ళు. శిస్తు సొమ్ము మోసినప్పుడు వెంట నడిచారు, శవ పంచనామాకు కాపలా ఉన్నారు, దౌరాకు వచ్చిన అధికారి సామాను మోశారు. వీటిలో సగం ఇనాం కింద చేసిన పని, సగం వెట్టి. ఆ రెంటి మధ్య గీత ఎక్కడా రాసి లేదు. 1984లో ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినా ఈ కింది పనులు పేరు మార్చుకుని గ్రామ రెవెన్యూ సహాయకులుగా మిగిలాయి. 2023లో వాళ్ళను కూడా వివిధ శాఖల్లో కలిపేశారు. ఇరవై వేలకు పైగా మనుషులు ఒక్కసారిగా ఆ పేరు నుంచి బయటికి వచ్చారు. అంటే నిజాం నాటి ఊరి కొలువుకు చివరి వారసులు ఇప్పుడు మన మధ్యే, యాభై అరవై ఏళ్ళ వయసులో, ఏదో ఒక ఆఫీసులో పని చేస్తున్నారు. వాళ్ళను అడిగి రాసుకోవడానికి ఇది మంచి సమయం.

కాగితాలు వెతికేవాళ్ళకు రెండు చిన్న సూచనలు. మొదటిది, 1905కు ముందు కాగితాల్లో కరీంనగర్ జిల్లా అని వెతికితే దొరకదు, అప్పుడది ఎలగందుల జిల్లా. రెండోది, 2016లో జిల్లాలు మారినప్పుడు పాత హుజూరాబాద్ వైపు మండలాల్లో కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వరంగల్ వైపు పోయాయి, ఇప్పుడవి హనుమకొండ జిల్లాలో ఉన్నాయి. తాత కాగితం ఒక జిల్లాలో, తాత ఊరు ఇంకో జిల్లాలో ఉంటాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివి చెప్పే పెద్దమనిషి కావాలి. ఆ లిపి చదవగలిగిన పాత పట్వారీల తరం దాదాపు అయిపోయింది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్ కాలం నుంచి పారశీక పత్రాలు, ఆ తరువాతి ఉర్దూ దస్తావేజులు ఉన్నాయి. చదివేవాళ్ళు తక్కువైతే అవి ఉన్నా లేనట్టే.

ఇక రెండో సాక్ష్యం, గొంతు. దీని విషయంలో మన ప్రాంతం ప్రపంచంలో చాలా చోట్ల లేని సంపద గలది. మన దగ్గర ఇంకొకరి వంశాన్ని గుర్తుంచుకోవడమే ఒక వృత్తి. దాదాపు ప్రతి పెద్ద కులానికీ ఒకటో రెండో మూడో ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని పటం విప్పి చెప్తారు. గొల్లలకు మందెచ్చులవాళ్ళు కొయ్యబొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెప్తారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పాండవుల కథ, విశ్వకర్మలకు రుంజవాళ్ళు రుంజ వాయిస్తూ వాళ్ళ పుట్టుక కథ, మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం, చిందువాళ్ళు యక్షగానం. రెడ్లు, కాపుల గోత్రాలు ఇంటిపేర్లు వల్లించేవాళ్ళు పిచ్చకుంట్లవాళ్ళు, వాళ్ళిప్పుడు వంశరాజులమని పిలిపించుకుంటున్నారు. పద్మశాలీలకే సాధనాశూరులు అని ఇంకో కులం ఉంది, వాళ్ళ పని ఇంద్రజాలం. ముత్తాత గారడీ చేసేవాడని తెలిసి ఎవరైనా ఆశ్చర్యపడితే, ఆ గారడీ ఊరూరా హక్కుతో చేసినదని, దానికి ఊళ్ళు పంచి ఉన్నాయని కూడా తెలుసుకోవాలి.

ఆ హక్కే మిరాశీ. ఒక డక్కలి కుటుంబానికి ఫలానా పది ఊళ్ళు మిరాశీ అంటే ఆ ఊళ్ళలోని మాదిగ ఇళ్ళకు వెళ్ళి కథ చెప్పి త్యాగం, అంటే కథకు ప్రతిఫలం, తీసుకునే హక్కు వాళ్ళదే, ఇంకో డక్కలి కుటుంబం అక్కడ అడుగు పెట్టకూడదు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్ళు పంచుకుంటారు. తగాదా వస్తే కుల పంచాయతీలో తీర్పు. కొన్ని కుటుంబాల దగ్గర హక్కును చెక్కిన రాగిరేకులున్నాయి. పాడేవాళ్ళ మాటను ఎంత నమ్మాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ ఏర్పాటులోనే ఉంది. కులం ఎక్కడ పుట్టింది, మూలపురుషుడు ఏ దేవుడి చెమట నుంచి వచ్చాడు అన్న భాగం పురాణం, చరిత్ర కింద తీసుకోరాదు. కానీ ఈ ఊళ్ళో ఈ కులంవాళ్ళు ఎన్ని ఇళ్ళు, ఇంటిపేర్లేమిటి, ఏ ఇల్లు ఏ ఇంటి నుంచి చీలింది, ఎవరు ఊరు విడిచి ఎక్కడికి పోయారు అన్న భాగం మాత్రం పక్కా లెక్క. ఎందుకంటే వాళ్ళ తిండి దాని మీద ఆధారపడింది. లెక్క తప్పితే త్యాగం పోతుంది. పొగడ్తలో అతిశయం ఉంటుంది, ఇళ్ళ లెక్కలో ఉండదు. వంశ చరిత్ర రాసేవాళ్ళు ఈ రెంటినీ వేరు చేయగలగాలి.

వాళ్ళు చూపే పటం కూడా ఒక పత్రమే. చేర్యాల నకాషీ చిత్రకారులు మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవున్న గుడ్డ మీద కథంతా వరుసగా గీసి ఇస్తారు. అది పాతబడి చిరిగితే పారేయరు, పూజ చేసి నదిలో కలుపుతారు. భక్తి గొప్పదే. కానీ దానివల్లే మనకు పాత పటాలు తక్కువ మిగిలాయి. ఇప్పుడైనా కొత్త పటం గీయించుకునే ముందు పాతదాన్ని అడుగడుగునా ఫొటో తీసి ఉంచుకుంటే చాలు, ఆచారానికి భంగం లేదు.

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోతే ఈ ఏర్పాటు ఇంకా గట్టిగా కనపడుతుంది. రాజ్‌గోండుల గోత్ర కథలు గోండుల నోట కాక ప్రధానుల నోట, తోటీల నోట ఉన్నాయి. కీక్రి వాయిస్తూ ఏ పేర్ల వంశానికి ఆ వంశ గాథ వాళ్ళే పాడాలి. 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల మీద పని చేసిన హైమన్‌డార్ఫ్ తన పుస్తకాలకు ముఖ్యమైన ఆధారంగా తీసుకున్నది ఈ పాటలనే. కేస్లాపూర్ నాగోబా జాతర చూసినవాళ్ళకు తెలుసు, మెస్రం వంశంవాళ్ళు గోదావరి హస్తినమడుగు నుంచి నడిచి నీళ్ళు తెస్తారు, జాతరకు కుండలు సిరికొండ కుమ్మరులే చేసివ్వాలి, ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను భేటింగ్ పేరుతో దేవుడికి పరిచయం చేస్తారు. ఏటేటా పుష్య అమావాస్యకు వంశమంతా ఒకచోట చేరి, ఎవరు ఎవరి కోడలో అందరి ముందు చెప్పుకునే ఏర్పాటు అది. కాగితం లేని వంశ పట్టిక అంటే ఇదే. గుంజాల ఊళ్ళో దొరికిన గోండి లిపి రాతప్రతుల వల్ల అక్కడ కాగితమూ ఉందని బయటపడింది. జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చారు, 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది.

ఆ రెండింటికీ తోడు కొన్ని చోట్ల మూడో సాక్ష్యం కూడా ఉంది, కాగితమూ కాదు, గొంతూ కాదు. అది మట్టి. పాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో చాలా ఊళ్ళ శివార్లలో నల్లటి చిట్టెపు కుప్పలుంటాయి. పిల్లలు వాటి మీద ఆడుకుంటారు, రోడ్డు పనివాళ్ళు ఎత్తుకుపోతారు. అది ఇనుము కరిగించిన బట్టీల చెత్త. ఇనుపరాయిని బొగ్గుతో కలిపి మట్టి బట్టీలో కరిగించి ముద్ద తీసినవాళ్ళు ముద్దకమ్మరులు. నాగలి కర్రు చేసే కమ్మరి కంటే ముందు మెట్టు వీళ్ళది. వీళ్ళు కొలిచిన దేవత మమ్మాయి. ఆ గుళ్ళు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నాయి, ఆ దేవతకూ ఇనుముకూ సంబంధమేమిటో ఊరివాళ్ళకే మరుపొచ్చింది. నిర్మల్‌కు దగ్గరలోని కోనసముద్రంలో ఇంకో మెట్టు పైకి పోయి, ఇనుమును మూసిన మట్టిమూసల్లో పెట్టి ఉక్కు చేశారు. 1820ల్లో అక్కడికి వెళ్ళిన హెన్రీ వాయ్సీ ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి ఉండటం చూసి రాశాడు. డమాస్కస్ కత్తుల పేరుతో లోకం మెచ్చుకున్న ఆయుధాలకు వెళ్ళిన ఉక్కులో మన ఊళ్ళ చెమట ఉంది.

ఎస్. జైకిషన్ ఈ ఊళ్ళన్నీ తిరిగి ఉత్తర తెలంగాణ ఇనుము, ఉక్కు పరిశ్రమ మీద పుస్తకం రాశారు. 2010లో శారదా శ్రీనివాసన్, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు గిల్ జులెఫ్ బృందాలు ఆయనతో కలిసి నాలుగు జిల్లాల్లో సర్వే చేసి రెండు వందలకు పైగా చోట్లను నమోదు చేశాయి. ఇది గొప్ప పని. కానీ అందులో లోహం గురించి ఉన్నంత, మనుషుల గురించి లేదు. విదేశీ ఇనుము వచ్చి, బొగ్గుకు అడవి అందకుండా చట్టాలొచ్చి, బట్టీలు ఆరిపోయాక ఆ కుటుంబాలు ఎటు పోయాయి? కొందరు మామూలు కమ్మరులయ్యారు, కొందరు కూలీలయ్యారు, కొందరు కులం పేరే మార్చుకున్నారు. చిట్టెం కుప్ప ఉన్న ఊళ్ళో కమ్మరి ఇల్లు ఉంటే, ఆ ఇంటి పెద్దను మమ్మాయి గుడి పూజ ఎవరిదని అడగాలి. పూజ హక్కు దగ్గర వృత్తి గుర్తు చాలాకాలం బతికే ఉంటుంది.

సరుకు మోసినవాళ్ళ సంగతి కొంత తేలిక, ఎందుకంటే కులం పేరులోనే జాడ ఉంది. మన వైపు ఎక్కువగా కనపడే పెరికలు గోనె సంచులు నేసి, ఎద్దుల మీద వేసి ఉప్పు ధాన్యం తిప్పినవాళ్ళు. లంబాడీల లదేనీ, అంటే ఎద్దుల మీద సరుకు రవాణా, ఇంకా పెద్దది, మొగలుల సైన్యాల వెంట దక్కనుకు ధాన్యం మోసిన ఎద్దుల మందలు వాళ్ళవి. 1929లో కాజీపేట, బల్హర్షాల మధ్య రైలు దారి పూర్తయి జమ్మికుంట దాని మీద ఒక స్టేషనుగా మారాక, దూరపు సరుకు ఎద్దు వీపు దిగింది. ఇవాళ జమ్మికుంట పత్తి మార్కెట్‌కు వచ్చే లారీ డ్రైవర్లలో కొందరి తాతలు అదే దారిలో ఎద్దులు తోలినవాళ్ళే అయ్యుండవచ్చు. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలున్నాయి, 1950 ఏప్రిల్‌లో ఆ శాఖ భారత తపాలాలో కలిసింది. మధ్యలో ఎనభై ఏళ్ళు సంచి మోసి పరుగెత్తిన హర్కారాల వారసులు ఎందరో ఉండాలి. మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద పట్టుపురుగులు పెంచి దసలి కాయ తెచ్చిన కుటుంబాలు కొన్ని ఆ పని ఇప్పటికీ వదల్లేదు.

ఇక అచ్చు పుస్తకాలు. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగల గురించి ఇంగ్లీషులో వేసిన పెద్ద పుస్తకాన్ని ఈ విషయం మీద పని చేసే ప్రతి ఒక్కరూ ఒకసారి తిరగేస్తారు. మద్రాసు వైపు థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. రెండూ ఉపయోగపడతాయి, రెంటిలో ఒకే లోపం ఉంది. అవి కులాన్ని చూశాయి, మనిషిని చూడలేదు. ఫలానా కులం వృత్తి ఫలానా అని గీత గీస్తాయి. వాస్తవంలో ఒకే ఇంట్లో అన్న నేత, తమ్ముడు పటం కథ, మరిది బొంబాయి మిల్లు. పుస్తకంలో కులవృత్తి చదివి ‘మా తాతా అదే చేసి ఉంటాడు’ అనుకోవడం వంశ పరిశోధనలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. తెలుగులో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన తరువాత ఆశ్రిత కులాల మీద చాలా మంది పని చేశారు. వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో ఈ రంగంలో సిద్ధాంత గ్రంథాలున్నాయి. వాటిలో కళారూపం గురించి చాలా ఉంటుంది, కళాకారుడి ఇంటి సంగతి తక్కువ. వేములవాడ దగ్గర హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గు కథ, జనగామ వైపు గడ్డం సమ్మయ్య చిందు యక్షగానం ఇవాళ అందరికీ తెలిసిన పేర్లు, సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పేరు రాని మిగతా కుటుంబాల్లో ఎవరు ఎప్పుడు వాయిద్యం గోడకు తగిలించారో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు చెప్పవలసింది కష్టమైన సంగతి. వెతికితే దొరికే పనులన్నీ గర్వంగా చెప్పుకునేవి కావు. దొర గడీలో ఆడబాపగా బతికిన ముత్తవ్వ ఉండవచ్చు. దొర బిడ్డకు పెళ్ళయితే ఆమె వెంట అరణంగా పంపిన మనిషి ఆమె, జీతం లేదు, పెళ్ళి లేదు, పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేదు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ సినిమా ఆ జీవితాన్ని చూపింది. జోగినిగా విడిచిన బిడ్డ ఉండవచ్చు, 1988లోనే జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. తరాల పాటు అప్పు తీరక జీతం ఉన్నవాళ్ళు, వెట్టికి పల్లకీ మోసినవాళ్ళు మన దగ్గర ఊరికి ఒకరు కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు వేల మంది కదిలింది ఈ వెట్టికి, దొరతనానికి ఎదురు తిరిగే. ఈ సంగతులు ఇంట్లో దాచడం సహజం. కానీ నా అభిప్రాయంలో వంశ చరిత్ర రాయడం మొదలుపెట్టాక దాచకూడదు. సిగ్గు పడవలసింది ఆ పని చేయించినవాళ్ళు. దొరల కుటుంబాలవాళ్ళు తమ వంశ వృక్షాలు రాసుకునేటప్పుడు గడీలో ఎవరెవరు వెట్టి చేశారో ఆ పేర్లు కూడా రాస్తే అది గౌరవమైన పని. ఆ పేర్లు వాళ్ళ ఇళ్ళలోనే గుర్తున్నాయి, ఇంకెక్కడా లేవు.

ఆడవాళ్ళ పనులకు కాగితం దాదాపు లేదు. పహాణీలో మంత్రసానికి ఇనాం రాసి ఉండదు. ఊళ్ళో రెండు తరాల పిల్లలను భూమి మీదికి తెచ్చిన మంగలి అవ్వ, గోండు ఆడవాళ్ళకు పచ్చబొట్లు పొడిచిన తోటి ఆడవాళ్ళు, నాట్లలో వరుస ముందు నిలబడి పాట ఎత్తుకున్న మనిషి, పురుగు ముట్టినవాళ్ళకు మందు ఇచ్చిన ముసలమ్మ, వీళ్ళందరి సంగతి ఆడవాళ్ళ నోటనే మిగిలింది. ఇంట్లో పరిశోధన చేసేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు, అడిగేది తాతనూ పెద్దనాయిననూ. బాపమ్మనూ అమ్మమ్మనూ అడగరు. అమ్మమ్మ వైపు వంశం ఇంటిపేరుతో పాటే వదిలేస్తారు. సగం పూర్వీకులు, సగం పనులు అక్కడే పోతున్నాయి.

ఊరు విడిచినవాళ్ళది ఇంకో కథ. బొంబాయిలో కామాఠీపురకు ఆ పేరు మన వైపు నుంచి వెళ్ళి ఇళ్ళు కట్టిన కామాటీ కూలీల వల్లే వచ్చింది. షోలాపూర్, భీవండి మగ్గాల దగ్గర మన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. వాళ్ళకు మిల్లు కాగితాలు, చాళ్ళ అద్దె రశీదులు, సంఘాల సభ్యత్వ పుస్తకాలు ఆధారం. సముద్రం దాటిన తెలుగువాళ్ళకు వాటికంటే మంచి ఆధారముంది. 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు కూలీలతో డర్బన్ చేరిన నాటి నుంచి 1911 వరకు నటాల్‌కు వెళ్ళిన 1,52,184 మందికి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ వరకు రాసిన పట్టికలున్నాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో అలాంటి రికార్డులే భద్రంగా ఉన్నాయి. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు. ఒక తేడా గమనించాలి. ఓడ ఎక్కక ముందు ఆ మనిషి ఏం పని చేసేవాడో ఆ పట్టికలో ఉండదు, కులం ఉంటుంది. డర్బన్‌లో ఉన్న మునిమనవడికి పుట్టుమచ్చ తెలుస్తుంది, పని తెలియదు. హుజూరాబాద్‌లో ఉన్నవాడికి పని తెలుసుకునే దారి ఉంది, ముఖం తెలియదు.

ఈ సమీక్ష పాతకాలంతో ముగిస్తే న్యాయం కాదు. 1970ల నుంచి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి లక్షల మంది గల్ఫ్‌కు పోయారు. మేస్త్రీలుగా, డ్రైవర్లుగా పోయినవాళ్ళతో పాటు, ఇంటిపని అని చెప్పి తీసుకుపోతే ఎడారిలో ఒంటెల మందల దగ్గర ఒంటరిగా నెలల తరబడి గడిపినవాళ్ళు ఉన్నారు. వరి నాటు, గొర్రెల మంద తెలిసిన మనిషి ఒంటె పాలు పిండడం, ఇసుకలో దారి గుర్తుపట్టడం, అరబ్బీలో మాట్లాడటం ఒక్కడే నేర్చుకున్నాడు. ఇంకో యాభై ఏళ్ళకు అతని మునిమనవలు ‘మా ముత్తాత అరబ్బు దేశంలో ఒంటెల కాపరి’ అని తెలిసి నమ్మలేకపోతారు. వాళ్ళకు నీరటి వారసుడికి ఉన్నంత ఆధారం కూడా ఉండకపోవచ్చు. పాత పాస్‌పోర్టు, అక్కడ ఉండనిచ్చే అకామా కార్డు, పనిలో పెట్టుకున్న కఫీల్ పేరు ఉన్న కాగితం, ఇంటికి మాట్లాడి పంపిన క్యాసెట్టు, ఇవే ఆ తరం పహాణీలు. తిరిగి వచ్చాక చాలా మంది వాటిని పెట్టె అడుగున పారేశారు, కొందరు కాల్చేశారు.

అందుకని చదువరికి నా మనవి ఇది. ఈ సద్దుల బతుకమ్మకు ఇంటికి అందరూ వచ్చినప్పుడు ఇంట్లో పెద్దామె దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు పెట్టి, ఆమె పుట్టింట్లో ఎవరెవరు ఏ పని చేశారో, ఆ పనికి ఊరు ఏమిచ్చేదో అడగండి. తహసీల్దారు ఆఫీసులో ఖాస్రా పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టి, మీ సర్వే నంబరు పక్కన ఇనాం అన్న మాట ఉందేమో చూడండి. మీ కులం కథ చెప్పే మిరాశీ కుటుంబం ఎక్కడుందో కనుక్కుని, వాళ్ళను ఇంటికి పిలిచి, పూర్తి కథ చెప్పించి, పూర్తి త్యాగం ఇచ్చి పంపండి. గల్ఫ్ నుంచి వచ్చిన బాపు ఉంటే ఆయన అకామా పారేయనివ్వకండి.